మంచులో పిల్లల చేతులు తడవకుండా

జనవరిలో బెంగళూరు నుంచి మనాలి వెళ్తున్నాం, 3 ఏళ్ల పాపకి, 5 ఏళ్ల బాబుకి ఎన్ని స్వెటర్లు కావాలి అని అడిగారు కదండీ. స్వెటర్ల లెక్క కంటే ఒంటికి ఆనుకుని ఏం ఉందన్నదే ముఖ్యం. కాటన్ బనీను వద్దు. పరిగెడితే పట్టిన చెమటని అది పీల్చుకుని ఒంటిని చల్లబరుస్తుంది. లోపల థర్మల్ (చలికి ఒంటికి ఆనుకుని వేసుకునే లోదుస్తు), మధ్యలో ఉన్ని స్వెటర్, పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. అంతే చాలు.

అసలు తిప్పలు చేతులతోనే. మేం మంచులోకి వెళ్లినప్పుడు మావాడికి ఉన్ని గ్లవ్స్ వేశాను. పది నిమిషాలకే మంచు ముద్దలు అతుక్కుని, కరిగి, వేళ్లు ఎర్రగా అయిపోయాయి. ఒకటే ఏడుపు. రుద్దకుండా నా చంకలో పెట్టుకుని వెచ్చబరిచాను. మీరు మాత్రం నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే వాటర్‌ప్రూఫ్ మిటెన్స్ కొనండి, వేలికి వేలు తగిలి వెచ్చగా ఉంటాయి. ఒక్కొక్కరికి రెండు జతలు తప్పనిసరి. పొడి సాక్స్ కూడా కవర్లో పెట్టుకోండి.

ఎండ కాస్తే కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు, మంచు మీద పడ్డ వెలుగు తిరిగి మొహానికే కొడుతుంది.

మనాలి దగ్గర మంచు చూడ్డానికి వెళ్లే సోలాంగ్ లోయ దారిలో కోట్లు, బూట్లు అద్దెకి దొరుకుతాయి. టెన్షన్ పడకండి, పిల్లలకి బూట్లు తొడిగి, నాలుగడుగులు నడిపించి చూశాకే డబ్బులివ్వండి.