మద్దెల నిజంగానే ఓడు కావచ్చు

కోడలు పిల్లా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. పది నిమిషాలు తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి, పెట్టేయబోతూ "నీ మేనకోడలు టోర్నమెంటుకు పేరిచ్చిందిరా, కొత్త కర్రలు కొంటుందట" అంది. ముప్పై ఏళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను, మీ అమ్మకు గోల్ఫ్ క్లబ్‌లు ఇప్పటికీ కర్రలే. ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. నేను పుట్ వేస్తుంటే, అంటే బంతిని గుంతలోకి దొర్లిస్తుంటే, తన నీడ నా లైన్ మీద పడకుండా, ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగి నిలబడిన పిల్లవు నువ్వు. అప్పుడు నీకు ఎనిమిదేళ్లు. ఇప్పుడు నీ పేరు మీద స్కోర్ కార్డు రాయబోతున్నారు.

పొద్దున్నే నువ్వు కొనాలనుకున్న వెడ్జ్‌ల, అంటే దగ్గర నుంచి బంతిని పైకి లేపే క్లబ్‌ల, జాబితా కూడా మీ అమ్మ పంపింది. దాంతో రాత్రి సంతోషం కాస్తా దిగులైంది. 52, 56, 60 డిగ్రీలు. మూడింటికీ బౌన్స్, అంటే నేలలో దిగబడకుండా కాపాడే అడుగు కోణం, ఆరు డిగ్రీలు దాటలేదు. ఇది ఎవరు చెప్పారు నీకు? ఫోనులో అడిగితే "సరే మామయ్యా, చూస్తాలే" అని తప్పించుకుంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. బ్యాగులో పద్నాలుగు క్లబ్‌లకు మించకూడదు, లెక్క చూసుకో. వెడ్జ్ షాఫ్ట్, అంటే కాడ, బరువు నీ మిగతా ఇనుప క్లబ్‌ల (ఐరన్‌ల) షాఫ్ట్ బరువుకు దగ్గరగా ఉండాలి. గ్రిప్ అరిగితే మార్చు. క్లబ్ ముఖం మీది గాళ్లలో, అదే గ్రూవ్‌లలో, మట్టి ఉంటే బంతికి స్పిన్ పట్టదు, తడిగుడ్డ దగ్గర పెట్టుకో.

ఇక లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం (ఫేస్) వెనక్కి వాలిన కోణం. నీ సెట్‌తో వచ్చిన పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ ఎంతో ఎప్పుడైనా చూశావా? నేను చూశాను, 43 డిగ్రీలు. నా కాలంలో పిచింగ్ వెడ్జ్ అంటే 48 దగ్గర ఉండేది. ఇప్పుడు ఐరన్‌లు దూరం పోవాలని లాఫ్ట్ తగ్గించుకుంటూ వచ్చారు, క్లబ్ మీద అక్షరం మాత్రం అదే ఉంచారు. 43 తర్వాత నువ్వు నేరుగా 52కు దూకుతున్నావు. మధ్యలో తొమ్మిది డిగ్రీల గొయ్యి. బంతి జెండాకు సరిగ్గా ఆ గొయ్యిలోని దూరంలో పడుతుంది, ఎప్పుడూ అంతే. అప్పుడు పిచింగ్ వెడ్జ్‌ను బుజ్జగించి కొట్టాలి, లేదా 52ను విరగబాదాలి. రెండూ ఒత్తిడిలో చేసే పనులు కావు. మధ్య తేడాలు నాలుగు నుంచి ఆరు డిగ్రీలు ఉండేలా పేర్చుకో. 43 తర్వాత 48, ఆపైన 54, కావాలంటే 58. అంకె చూసి కొనవద్దు, ఒక్కొక్కదానితో ఇరవై బంతులు కొట్టి ఎంత దూరం ఎగిరి పడుతున్నాయో రాసుకో.

లాఫ్ట్ తప్పయితే బంతి పది గజాలు ముందో వెనకో పడుతుంది, అంతే. ఆ మాత్రానికి నేను ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నా గుబులంతా బౌన్స్ గురించి.

వెడ్జ్‌ను నిటారుగా నేల మీద ఆనించి పక్క నుంచి చూడు. సోల్, అంటే క్లబ్ అడుగు, వెనక భాగం నేలను తాకుతుంది, ముందు అంచు కాస్త పైకి లేచి ఉంటుంది. ఆ లేచిన కోణమే బౌన్స్. నాలుగు నుంచి ఆరు డిగ్రీలుంటే తక్కువ, పది దాటితే ఎక్కువ అనుకో. నీటి మీద పెంకు విసిరినప్పుడు బల్లపరుపుగా తగిలితే కప్పగంతులు వేస్తుంది, అంచుతో తగిలితే బుడుంగున మునుగుతుంది కదా. ఇసుకలో వెడ్జ్ సంగతి అంతే. బౌన్స్ ఉన్నది జారుతుంది, లేనిది మునుగుతుంది.

క్లబ్ మీద చెక్కిన అంకె స్థిరం కాదని కూడా గుర్తుంచుకో. చేతులు ముందుకు వాల్చి కొడితే లాఫ్ట్ తగ్గినంతా బౌన్స్ కూడా తగ్గుతుంది. నాలుగు డిగ్రీల బౌన్స్ ఉన్న క్లబ్‌ను ఐదు డిగ్రీలు వాల్చావంటే ముందు అంచు నేలలోకే చూస్తుంది. ఫేస్ తెరిచి పట్టుకుంటే దీనికి సరిగ్గా ఎదురు, రెండూ పెరుగుతాయి. టీవీలో కనిపించే వాళ్లు తక్కువ బౌన్స్‌తో బతికిపోయేది అందుకే. వాళ్లు ఫేస్ తెరుస్తారు, గట్టి నేల మీద ఆడతారు, రోజుకు కొన్ని వందల బంతులు కొడతారు.

ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకు కూడా తెలియదు.

ఆట మొదలుపెట్టిన ఆరో ఏట, టీవీలో ఒక ఆటగాడు బంకర్ అనే ఇసుక గుంట అవతలి నుంచి బంతిని నిట్టనిలువుగా లేపి, జెండా పక్కన దూదిపింజలా దింపడం చూశాను. అతడి చేతిలో ఉన్నది 60 డిగ్రీల వెడ్జ్, బౌన్స్ నాలుగు. వారం తిరగకముందే అలాంటిదే నా బ్యాగులో ఉంది. అతడు గడ్డిని దువ్వెనతో దువ్వినట్టు కొట్టేవాడు. నేను గొడ్డలితో మొద్దు నరికినట్టు పైనుంచి దిగేవాణ్ణి. పైగా నేను ఆడే చోట నేల మెత్తన, బంకర్లలో ఇసుక చీలమండలదాకా దిగేది.

మొదటి నెలలోనే చిప్‌లు, అంటే జెండా దగ్గరి చిన్న షాట్లు, పాడయ్యాయి. బంతికి రెండంగుళాల వెనక క్లబ్ నేలలో దిగబడి అక్కడే ఆగేది, బంతి జానెడు కదిలేది. దాంతో భయపడి, నేల తగలకుండా బంతిని పైన కొట్టడం మొదలుపెట్టాను. అప్పుడది గ్రీన్, అదే జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి, దాటి అవతలి పొడుగు గడ్డిలోకి, రఫ్‌లోకి, తుపాకీ గుండులా పోయేది. నీకు తెలుసుగా మీ తాతయ్య సంగతి. చిన్నప్పుడు పెన్ను బాగా లేదన్నా, బ్యాటు బాగా లేదన్నా "ఆడలేక మద్దెల ఓడు" అని ఒక్క మాటతో నోరు మూయించేవారు. ఆ మాట నాలో ఎంత ఇంకిందంటే, రెండేళ్లలో ఒక్కసారైనా ఆ వెడ్జ్ తిరగేసి చూడలేదు. చేతులనే తిట్టుకున్నాను. స్టాన్స్ మార్చాను, గ్రిప్ మార్చాను, బంతిని ముందుకు జరిపాను, వెనక్కు జరిపాను. చివరికి గ్రీన్ దగ్గరకు వస్తుంటే అరచేతులు చెమటలు పట్టేవి. ఆదివారాలు ఏదో పని ఉందని చెప్పి ఆట మానేసేవాణ్ణి.

తర్వాత ఒక పోటీ. పదహారు హోల్‌ల దాకా నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. పదిహేడోది పార్ నాలుగు, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సింది. రెండో షాట్ గ్రీన్ పక్క బంకర్లో పడింది. చదునైన ఇసుక మీద బంతి గుడ్డులా కూర్చుని ఉంది, జెండాకు పదిహేను అడుగుల దూరం. మొదటి దెబ్బకు క్లబ్ ఇసుకలో పాతుకుపోయింది, బంతి కదిలీ కదలనట్టు కదిలింది. రెండోదీ అంతే. మూడోసారి భయంతో పైన కొట్టాను, బంతి గ్రీన్ మీదుగా ఎగిరి అవతలి బంకర్లో పడింది. అక్కడ ఇంకో రెండు. ఇసుకలోనే ఐదు షాట్లు. ఆపైన రెండు పుట్‌లు. తొమ్మిది. నాతో ఆడుతున్నాయన మర్యాదకు చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ మర్యాద నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక నా బ్యాగు మోసే క్యాడీ వచ్చి, ఆ వెడ్జ్ అడిగి తీసుకున్నాడు. నాకంటే చిన్నవాడు. తలకిందులుగా తిప్పి, బొటనవేలితో సోల్ తుడిచి, వెలుతురుకు పట్టి చూపించాడు. "చూడండి సార్, గీతలన్నీ ముందు అంచు మీదే. వెనక మెరుపు కూడా పోలేదు. ఇది జారడం లేదు, పొడుస్తోంది." ఎక్కడి నుంచో తుప్పు పట్టిన పాత శాండ్ వెడ్జ్ తెచ్చి చేతిలో పెట్టాడు. 56 డిగ్రీలు, బౌన్స్ 14. "ఏమీ మార్చకండి. మీరు కొట్టినట్టే కొట్టండి" అన్నాడు. అదే గొడ్డలి దెబ్బ కొట్టాను. ఇసుక "థప్" మంది, తడి బట్ట బండ మీద బాదినట్టు. గుప్పెడు ఇసుకతో పాటు బంతి లేచి గ్రీన్ మీద వాలింది. పది బంతుల్లో ఎనిమిది బయటికొచ్చాయి.

సంతోషించాలి కదా? బంకర్ గట్టు మీద కూర్చుండిపోయాను. రెండేళ్లు. మద్దెల నిజంగానే ఓడు, నేనేమో నా చేతులు నరుక్కుంటూ కూర్చున్నాను. వెడ్జ్ ఆ రాత్రే మార్చేశాను గానీ, గ్రీన్ దగ్గర చేతులు వణకడం ఆగడానికి మరో ఏడాది పట్టింది. నీ జాబితా చూడగానే నాకు గుర్తొచ్చింది ఆ వణుకే తల్లీ. నువ్వు నాకంటే మొండిదానివి. తప్పు నీదేనని అనుకున్నావంటే ఎవరికీ చెప్పవు.

బౌన్స్ అసలు ఎందుకు పుట్టిందో తెలిస్తే నీకే అర్థమవుతుంది. వెనకటికి గరిటెలా లోపలికి గుంట ఉన్న వెడ్జ్ ఒకటి ఉండేది. ఒకే దెబ్బలో బంతికి రెండుసార్లు తగిలే అవకాశం ఉందని 1931లో నిషేధించారు. ఆ సమయంలోనే అమెరికా ఆటగాడు జీన్ సారాజెన్ తన నిబ్లిక్ అనే పాతకాలపు క్లబ్ వెనక సీసం అతికించి, వెనక అంచు ముందు అంచు కంటే కిందికి ఉండేలా రాకి దిద్దుకున్నాడు. విమానం తోక దిగితే ముక్కు లేవడం చూసి తట్టిన ఆలోచనట. 1932లో ఇంగ్లండులోని ప్రిన్సెస్ కోర్సులో బ్రిటిష్ ఓపెన్ పోటీ ఆడేటప్పుడు, దీన్ని కూడా వద్దంటారేమోనని ప్రాక్టీసు కాగానే కోటు కింద దాచి తీసుకెళ్లేవాడట. మొత్తం 283 షాట్లతో ఆ ఓపెన్ గెలిచాడు. అంతటివాడు కోటు కింద దాచుకున్న దాన్ని నువ్వు అక్కర్లేదంటున్నావు!

కొనేముందు మ్యాట్ మీద కొట్టి చూసి మురిసిపోవద్దు. మ్యాట్ అబద్ధం చెబుతుంది. రెండంగుళాల వెనక తగిలినా క్లబ్ దాని మీద జారిపోయి బంతి శుభ్రంగా లేస్తుంది. గడ్డి మీద కొట్టు, ఇసుకలో కొట్టు. నీ డివట్, అంటే దెబ్బకు గడ్డి లేచిన చోటు, వంగి చూడు. లోతుగా పెచ్చు లేస్తే బౌన్స్ ఎక్కువ కావాలి, గడ్డి కొసలే చెదిరితే తక్కువ చాలు. మెత్తని ఇసుకకు ఎక్కువ, గట్టిపడిన ఇసుకకు తక్కువ. ఎండిన గట్టి నేల మీద పద్నాలుగు డిగ్రీల సోల్ ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, కాబట్టి అన్నీ ఎక్కువవే కొనమని కూడా అనను. 54 ఎక్కువ బౌన్స్‌తో, 58 మధ్యరకంతో తీసుకుంటే ఒకటి కాకపోతే ఒకటి పనికొస్తుంది. అంకె ఒక్కటే కాదు, మడమ వైపు సోల్ చెక్కి ఉంటే ఫేస్ తెరిచినా అంచు మరీ లేవదు, అదీ చూసుకో. దుకాణంలో లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గించి వంచి ఇస్తామంటే బౌన్స్ కూడా ఒక డిగ్రీ పోతుందని మర్చిపోకు.

టోర్నమెంటులో బంకర్లోకి దిగినప్పుడు ఇసుక ఎలా ఉందో చేతితోనో క్లబ్‌తోనో తడిమి చూడకూడదు, ప్రాక్టీసు స్వింగ్‌లో ఇసుక తాకినా రెండు షాట్ల పెనాల్టీ. స్టాన్స్ కోసం పాదాలు ఇసుకలోకి నొక్కుకోవడం మాత్రం తప్పు కాదు. ఇసుక మెత్తనో గట్టిదో అప్పుడు నీ పాదాలే చెబుతాయి, తొందరపడకుండా విను.

ఇంత రాశాక ఒక అనుమానం వచ్చి పెన్ను ఆపాను. నీ స్వింగ్ చూసి రెండేళ్లు దాటింది. అప్పట్లో నువ్వు కూడా నాలాగే పైనుంచి దిగేదానివి. ఆ తర్వాత నేర్పినవాళ్లు మార్చారేమో. ఇప్పుడు పలచగా దువ్వేదానివైతే నా భయమంతా నీ నెత్తిన రుద్దినట్టే. అందుకని ఏదీ కొనకుండా ముందు రెండు ఫొటోలు పంపు. ఒకటి నీ పాత వెడ్జ్ సోల్, తుడవకుండా. రెండోది గడ్డి మీద నీ డివట్, పక్కన బంతి పెట్టి తియ్యి, లోతు తెలుస్తుంది.

సోల్ మీద గీతలు మధ్యలో ఉండి, డివట్ నోటు కాగితమంత పలచగా ఉంటే చెప్పు. ఆ 60 డిగ్రీల వెడ్జ్ ఇంకా నా దగ్గరే ఉంది, బీరువా వెనక. పారేయడానికి మనసు రాలేదు. రెండేళ్లే వాడాను కాబట్టి గ్రూవ్‌లు పెద్దగా అరగలేదు, సోల్ వెనక భాగం సంగతి నీకు తెలుసు. గ్రిప్ మార్పించి పంపిస్తాను. ఎక్కడిదని మీ అమ్మ అడిగితే మామయ్య పాత కర్ర అని చెప్పు.

నీ మామయ్య