ఆగస్టులో గదిలో ఉండిపోకు

ప్రశ్న: స్పెయిన్‌లోని సలమాంకాలో మాస్టర్స్ చేస్తున్నాను. రూమ్మేటు ఆగస్టు 15 మేరీమాత పండక్కి వాళ్ల ఊరు లా ఆల్బెర్కాకి రమ్మంటున్నాడు. నా స్పానిష్ అంతంతమాత్రం, పైగా శాకాహారిని. థీసిస్ పని కూడా ఉంది. వెళ్లమంటారా అన్నా?

జవాబు: వెళ్లు తమ్ముడూ. థీసిస్ వంక పెట్టకు, ఆగస్టులో నీ గైడే దొరకడు. వీధిలో సగం షట్టర్ల మీద సెలవులకు మూసేశామని కాగితం అంటించి ఉంటుంది.

నేనొచ్చిన ఏడాది నన్నూ ఇలాగే ఒక ఫ్రెండు పిలిచాడు. మన అలవాటు కొద్దీ ‘అబ్బే, మీకెందుకు శ్రమ’ అన్నాను. ఇంకోసారి బలవంతం చేస్తాడు, అప్పుడు ఒప్పుకుందాంలే అని నా లెక్క. వాడు ‘సరే’ అని బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ సెలవుల్లో నాతో మాట్లాడిన మనిషంటే సూపర్ మార్కెట్లో సంచీ కావాలా అని అడిగే అమ్మాయి ఒక్కతే. రాత్రి ఫోన్లో అమ్మకి మాత్రం ‘బ్రహ్మాండంగా ఉన్నా’ అని చెప్పేవాణ్ణి. మీకిప్పుడు వీడియో కాల్ ఉంది కాబట్టి ఒంటరితనం ఉండదనుకుంటారు. కాల్ కట్ చేశాక గది అదే గది.

మరుసటి ఏడాది పిలవగానే బయల్దేరాను. ఆ పల్లెలు చలికాలంలో బోసిపోయి ఉంటాయి. మాడ్రిడ్, బార్సిలోనాలకు వలసపోయినవాళ్లంతా ఆగస్టులో పిల్లల్ని వేసుకుని దిగుతారు, అచ్చం మన సంక్రాంతే. బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ నీ పేరడగదు, దేశం అడగదు, ‘నువ్వెవరి తాలూకు?’ అంటుంది. ఫలానా వాళ్లబ్బాయి స్నేహితుణ్ణి అని చెప్పు, చాలు. ఇక ఆ ఊళ్లో నీకు ఒక ఇల్లు ఉన్నట్టే.

నేను చేసిన తెలివితక్కువ పని, రాత్రి పదకొండుకి భోజనం అయ్యాక పండగ అయిపోయిందనుకుని పడుకోవడం. అర్ధరాత్రి కిటికీ కింద బ్యాండు మొదలైంది. తెల్లవారుజామున అందరూ వచ్చి ‘ఒంట్లో బాలేదా?’ అని అడుగుతుంటే సిగ్గేసింది. మధ్యాహ్నం వాళ్లతోపాటు నువ్వూ ఓ కునుకు తియ్యి.

నీకు దక్కింది మామూలు ఊరు కాదు. 1940లోనే చారిత్రక కట్టడాల సముదాయంగా గుర్తింపు పొందిన పల్లె అది. 15న మేరీమాతకు మొక్కులు చెల్లిస్తారు. ఆడవాళ్లు వెండి, పగడాల హారాలు మెడ నిండా వేసుకుని వస్తారు, ఆ బరువుతో ఆ ఎండలో ఎలా నిలబడతారో! వాయిద్యగాణ్ణి దగ్గరికెళ్లి చూడు: ఎడమచేత్తో పిల్లనగ్రోవి మూడు రంధ్రాల మీద వేళ్లు ఆడిస్తూనే, ఆ చేతికే వేలాడే డోలును కుడిచేతి పుల్లతో కొడుతుంటాడు. 16న చర్చి ముందు నాటకం, దయ్యం ఏడు తలల పాము మీద బాణసంచా కక్కుకుంటూ వస్తుంది. మాటలు అర్థం కాకపోయినా దయ్యం ఓడిపోయిందని నీకూ తెలుస్తుంది. అన్నట్టు, వీధిలో గంట కట్టిన పంది ఎదురైతే కంగారుపడకు. జూన్‌లో దీవెన ఇప్పించి వదులుతారు, ఊరంతా మేపుతుంది, జనవరిలో ఆ పందికే లాటరీ తీస్తారు.

తిండి గురించి అంత టెన్షన్ వద్దు. కాకపోతే ‘మాంసం తినను’ అంటే సరిపోదు. హామ్ అనే పందిమాంసం, ట్యూనా చేప ఏవీ వద్దని ముందే విడివిడిగా రూమ్మేటు చేత వాళ్లమ్మగారికి చెప్పించు. బంగాళాదుంప ఆమ్లెట్ ఉంటుంది, గుడ్డు తినకపోతే అదీ చెప్పు. కుర్రాళ్లందరూ తలా కొంత వేసి ఒక ఉమ్మడి డబ్బు పెడతారు, తాగుళ్లూ తిళ్లూ అందులోంచే. నువ్వు కోక్ ఒక్కటే తాగినా నీ వాటా అడక్కముందే ఇచ్చెయ్యి. అక్కడ లెక్కలు చూస్తూ పక్కన నిలబడ్డవాడు ఆ రాత్రంతా పక్కనే ఉండిపోతాడు, నాకు తెలుసు.

పండక్కి వీధుల్లోకి ఎద్దుల్ని వదిలే ఊరికి ఎప్పుడైనా వెళ్తే కంచె ఇవతలే ఉండు. ఇన్సూరెన్స్ సంగతులు యూనివర్సిటీ సైట్‌లో చూసుకో. పండగ రోజుల్లో ఆ కొండ ఊళ్లకు బస్సులు తక్కువ, కాబట్టి రూమ్మేటు కారులోనే వెళ్లి, వాళ్లు బయల్దేరినప్పుడే తిరిగి రా. వాళ్లింటికి స్వీట్ల డబ్బా పట్టుకెళ్లు. ఇవాళే వాడికి ‘వస్తున్నా’ అని చెప్పు, రెండోసారి అడుగుతాడని చూడకు.