వరిగడ్డితో కడుపు నిండినా పొట్టేళ్లు ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న: మాది ఉదయగిరి ప్రాంతం. 25 కిలోల జోడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) పొట్టేళ్లు 20 కొట్టంలో కట్టి, తిన్నంత వరిగడ్డి, ఒక్కోదానికి ఉదయం అర కిలో మొక్కజొన్న పిండి పెడుతున్నాను. రెండు నెలలైనా ఒళ్లు చేయలేదు. పెంటికలు ముద్దగా పడుతున్నాయి. కనురెప్పల లోపల ఎర్రగానే ఉంది. దుకాణంలో చెప్పారని నెలనెలా నట్టల మందు తాపుతున్నాను. ఏ మందు మార్చాలి?
– ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: ఇది నట్టల బాధ అని నేను అనుకోవడం లేదు. రక్తం పీల్చే నట్టలు ఎక్కువైతే కనురెప్పల లోపలి పొర పాలిపోతుంది. ఎర్రగా ఉందని మీరే రాశారు. లోపం మేతలో ఉంది.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే ఉంటాయి. పెద్దపొట్టలో పీచును అరిగించే సూక్ష్మజీవులకు మొత్తం మేతలో కనీసం 7 శాతమైనా అందకపోతే, గడ్డి అక్కడే ఎక్కువసేపు నిలిచిపోయి, మీరు ఎంత వేసినా జీవం తినగలిగేది పెరగదు. దీనికి తోడు అర కిలో పిండి ఒకేసారి పడడంతో పొట్టలో ఆమ్లం పెరిగి, పీచు అరుగుదల ఇంకా కుంటుపడుతోంది. పెంటికలు ముద్దగా పడడానికి కారణం ఇదేనని నా అనుమానం. వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు తీగ, ఆకు) వరిగడ్డి కన్నా త్వరగా విరిగి ముందుకు సాగుతుంది కనుక జీవం ఎక్కువ తింటుంది. ఎక్కువ తిన్నప్పుడు అరుగుదల శాతం కొంత తగ్గినా, ఒంటికి పట్టే మొత్తం పోషకం పెరుగుతుంది.

ఒక్కో పొట్టేలుకు రోజుకు వేరుశనగ కట్టె అర కిలో, వరిగడ్డి 200 గ్రాములు, పచ్చి సుబాబుల్ ఆకు ఒక కిలో, రెండు వంతుల మొక్కజొన్నకు ఒక వంతు వేరుశనగ చెక్క కలిపిన దాణా 200 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 10 గ్రాములు ఇవ్వండి. దాణాను రెండు పూటలుగా, ఎండుమేత తిన్న తర్వాతే పెట్టండి. పిండిని రేపే తగ్గించి, మిగిలిన మార్పును 10 నుంచి 14 రోజుల్లో నెమ్మదిగా చేయండి. తేమ తీసేసిన ఎండు బరువు లెక్కన సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు మించరాదు. వానకు తడిసి బూజు పట్టిన కట్టెను ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. పిండి ఎక్కువగా తిన్న జీవాలకు చిటుక రోగం (పేగుల్లో విషం పెరిగి హఠాత్తుగా చంపే జబ్బు) ముప్పు ఉంటుంది కనుక టీకా వేయించకపోతే వెంటనే వేయించండి.

నెలనెలా నట్టల మందు తాపమని చెప్పినవారు ఒక్క పెంటికనైనా పరీక్షించారా? అవసరం లేకుండా తాపిన ప్రతిసారీ మందుకు లొంగని నట్టలే మిగిలి పెరుగుతాయి. నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు. ఐదారు పొట్టేళ్ల తాజా పెంటికలను ఉదయాన్నే విడివిడిగా సేకరించి పశువైద్యశాలలో ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా మరో మోతాదు తాపకండి. తాపవలసి వస్తే ప్రతి జీవాన్నీ తూచి, ఆ బరువుకు తగినంతే తాపండి.