టెక్ సందేహాలు: ఒక సైకిలు, రెండు ఫోన్లు

ప్రశ్న: మేం భార్యాభర్తలం. కలిసి తొక్కడానికి మొదటిసారి టాండెమ్ (ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తొక్కే సైకిలు) కొనాలనుకుంటున్నాం. వైర్‌లెస్ గేర్లు, మోటారు, ఫోన్ యాప్ ఉన్నదొకటి నచ్చింది. తీసుకోవచ్చా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు చాలానే వస్తున్నాయి. అందరూ యాప్ గురించి రాస్తారు, వెనక సీటుకు చోటెంతో ఒక్కరూ రాయరు. ముందు టేపు పట్టుకుని రెండు సీటు గొట్టాల మధ్య దూరం కొలవండి. 70 సెంటీమీటర్లకు తగ్గితే వెనక కూర్చున్నవారి ముక్కు ముందువారి వీపుకు తగులుతుంది. చక్రానికి 36 స్పోకులు, ముందు, వెనక చక్రాలు రెండింటికీ 203 మిల్లీమీటర్ల డిస్కు బ్రేకులు ఉండాలి. చక్రం అంచును నొక్కి ఆపే రిమ్ బ్రేకులతో పొడవాటి దిగుడు దిగితే ఇద్దరి బరువుకు రిమ్ము కాలిపోయి టైరు పేలొచ్చు. మోటారు ఉంటే, సైకిలు మోయగల మొత్తం బరువులో మీ ఇద్దరితోపాటు సామానూ పడుతుందో లేదో చూసుకోండి.

కేబుల్ బదులు రేడియో సిగ్నల్‌తో మారే వైర్‌లెస్ గేర్లకు టాండెమ్ మీద నిజంగానే అర్థం ఉంది. మామూలు కేబుల్ అంత పొడవు వెళ్లాలంటే రాపిడి పెరిగి గేరు మొరాయిస్తుంది. అయితే 2024లో పరిశోధకులు ఒక వైర్‌లెస్ గేర్ల సిగ్నల్‌ను రికార్డు చేసి, సుమారు 10 మీటర్ల దూరం నుంచి మళ్లీ పంపి గేర్లు మార్చి చూపించారు. ఇద్దరూ బలంగా తొక్కుతున్నప్పుడు అలా గేరు మారితే చైను జారుతుంది, తెగనూ వచ్చు. దానికి అప్‌డేట్ వచ్చింది. వేసుకోనివారిని ఏమనాలి?

నన్ను అంతకన్నా భయపెట్టేది మీరు తిరిగిన దారిని యాప్ గీసి చూపే మ్యాపు. మీరు తొక్కేది ఒకే సైకిలు, రికార్డు చేసేవి మాత్రం రెండు ఫోన్లు, రెండు ఖాతాలు. ఆయన ఇంటి చుట్టుపక్కల దారి కనబడకుండా దాస్తారు, ఆవిడ ఖాతాలో అదే రైడు గుమ్మం నుంచి గుమ్మం దాకా అందరికీ కనిపిస్తుంది. దాచామన్న ధీమా కూడా వద్దు. యాప్‌లో దారిని దాచేందుకు ఇంటిని కేంద్రంగా పెట్టి వృత్తం గీస్తే, పది రైడ్లు ఎక్కడెక్కడ మొదలైనట్టు కనిపిస్తున్నాయో గుర్తులు పెట్టి, వాటిమీదుగా వృత్తం గీసి కేంద్రం పట్టేయొచ్చు. కేంద్రాన్ని ఇంటికి కాస్త పక్కకు జరపండి, వృత్తాన్ని పెద్దది చేయండి. రెండు ఖాతాల్లోనూ రైడ్లు ‘నాకు మాత్రమే’ అని పెట్టుకుంటే ఇంకా మేలు. సైకిలు ఫొటో, ఇంటి మ్యాపు, రోజూ బయటికెళ్లే వేళ ఒకేచోట ఉంటే దొంగకు ఇంకేం కావాలి?

అసలు గేరు సర్దడానికి లొకేషన్ అనుమతి ఎందుకు? మోటారు తిరగడానికి లాగిన్ ఎందుకు? కంపెనీ సర్వర్ ఆపేసిన రోజు సైకిలు ఇనుప సామానే కదా! సెకండ్ హ్యాండ్‌లో కొంటే పాత యజమాని తన ఖాతా నుంచి సైకిలును తీసేసేదాకా డబ్బు ఇవ్వకండి. కొత్తదైతే, కొట్లోనే మీ రెండు ఫోన్లూ ఆపేసి ఒక చుట్టు తొక్కి రండి. గేర్లు మారి, మోటారు తిరిగితేనే బేరం మొదలుపెట్టండి.