ఫ్రెషర్స్ పార్టీలో స్టేజీ ఎక్కకపోతే ఒంటరినైపోతానా?

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఒక మహిళా కాలేజీలో డిగ్రీలో చేరాను. ఫ్రెషర్స్ పార్టీలో అందరూ డాన్స్ చేయాల్సిందేనని సీనియర్లు అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. చేయకపోతే ఎవరూ మాట్లాడరేమో?

జవాబు: చేయనక్కర్లేదమ్మా. ఇష్టం లేదని నవ్వుతూనే గట్టిగా చెప్పు, అయినా బలవంతపెడితే అది ఆచారం కాదు, ర్యాగింగే. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉన్నది అందుకే.

స్నేహాలు ఆ ఒక్క సాయంత్రంతోనే కుదరవు. 1924లో మొదలైన కోఠి ఉమెన్స్ కాలేజీనే చూడు, ఇప్పుడది చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం, పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో ఎన్ని తరాల అమ్మాయిలు కబుర్లతోనే దగ్గరయ్యారో! ఫేర్‌వెల్ రోజున చీరలు కట్టుకుని ఏడ్చేది కూడా ఆ కబుర్ల కోసమే.

ఇక దసరా సెలవులకు ముందు చాలా కాలేజీల్లో బతుకమ్మ ఆడతారు కదా, అక్కడ నువ్వే ముందుంటావు. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు వరసగా పేర్చి, గునుగు కాడలు సమంగా కోసి పూలను రంగుల్లో ముంచడం సిటీలో పెరిగిన చాలామందికి తెలియదు, నీ పక్కన కూర్చుని నేర్చుకుంటారు. ఇప్పుడే ఇద్దరు ముగ్గురు క్లాస్‌మేట్లను అడిగి పెట్టుకో, పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు కలిసి వెళ్దామని.