ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నువ్వు పెట్టబోయే సెంటర్ గురించి

చిరంజీవి మేనల్లుడిని ఆశీర్వదించి మావయ్య రాయునది.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర గది మాట్లాడావనీ, పన్నెండు కంప్యూటర్లతో గేమింగ్ సెంటర్ తెరుస్తావనీ అక్క నిన్న ఫోన్‌లో చెప్పింది. విజయనగరంలో నా కొట్లో కుర్చీ మీద రెండు దిండ్లు వేయించుకొని మౌస్ అందుకున్న పిల్లవాడివి, ఇప్పుడు నీ పేరున బోర్డు రాయిస్తున్నావంటే నా కడుపు నిండింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కంప్యూటర్ ఆటల కాలం అయిపోయిందని భయపెట్టేవారి మాట పట్టించుకోకు. 2004లో నేను కొట్టు పెట్టిననాటి నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. 2025 మార్చిలో, కంప్యూటర్ ఆటలు కొని ఆడుకునే స్టీమ్ అనే ఆన్‌లైన్ వేదికలో ఒకే సమయంలో ఆన్‌లైన్‌లో ఉన్నవారి సంఖ్య 4 కోట్లు దాటింది. నా భయం వేరు.

2017లో పబ్‌జీ అనే తుపాకుల ఆట కంప్యూటర్లలోకి వచ్చింది. కుర్రాళ్ళందరి నోటా అదే మాట, నా పాత కంప్యూటర్లేమో దానిని మోయలేవు. నేను వెనకబడకూడదన్న పంతంతో మీ అత్త గాజులు తాకట్టు పెట్టి, అదీ చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, ఎనిమిది కొత్తవి కొన్నాను. కంప్యూటర్లతో క్రిప్టో కరెన్సీ సంపాదించే క్రిప్టో మైనింగ్ వల్ల, ఆటల బొమ్మలను తెర మీద నడిపించే గ్రాఫిక్స్ కార్డుల ధరలు మండిపోతున్న రోజులవి. అసలు ధర మీద ఎంత అదనంగా పోశానో మీ అత్తకు ఇప్పటికీ చెప్పలేదు.

2018 మార్చిలో అదే ఆట ఉచితంగా ఫోన్లలోకి వచ్చింది. జియో వచ్చి అప్పటికి ఏడాదిన్నర. ఒక ఆదివారం సాయంత్రం చూద్దును కదా, ఎదుటి టీ బడ్డీ అరుగు మీద నా దగ్గర ఖాతా ఉన్న నలుగురు పిల్లలు ఫోన్లు అడ్డంగా పట్టుకొని అదే ఆట ఆడుతున్నారు. పక్కన టీ గ్లాసులు చల్లారిపోతున్నాయి. "వెనక, వెనక!" అని ఒకడు కేక వేశాడు. నిన్నటిదాకా నా కొట్లో వినిపించిన కేక అది. నా వెనక ఎనిమిది తెరలూ నల్లగా ఉన్నాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇక కంప్యూటర్ ఆటలు చచ్చిపోయాయని తీర్మానించుకొని అన్నింటినీ సగం ధరకు అమ్మేశాను. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం ఫోన్లలో ఆడే పబ్‌జీని నిషేధించేనాటికి నాకు కంప్యూటర్లు లేవు, అప్పు మాత్రం ఉంది.

నేను ఆట వెంట పడ్డాను, పిల్లలు ఎందుకు వస్తున్నారో చూడలేదు. కౌంటర్-స్ట్రైక్ అనే తుపాకుల ఆట 1999లో హాఫ్-లైఫ్ ఆటకు ఇద్దరు కుర్రాళ్ళు చేసిన మార్పుగా పుట్టింది. నాసిరకం కంప్యూటర్ల మీద కూడా నడుస్తూ, ఒకే గదిలోని పదిమందిని రెండు జట్లు చేసింది కనుకనే నా దగ్గర ఏళ్ళ తరబడి నిలిచింది. అమాంగ్ అస్ అనే ఆట 2018లో విడుదలైనా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020 లాక్‌డౌన్‌లో స్ట్రీమర్లు, అంటే ఆడుతూ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపించేవాళ్ళు, దానిని ఆడి చూపించాక, ఇళ్ళలో చిక్కుకున్న స్నేహితులకు కలిసి కూర్చునే అరుగు దొరికినట్లయింది. ఏ ఆట ఎప్పుడు ఊపందుకుంటుందో నీకూ నాకూ తెలియదు. అందుచేత ఒక్క ఆటను నమ్ముకొని పన్నెండు కొనకు, ఆరింటితో మొదలుపెట్టు.

ఎర్తింగ్ సరిగ్గా వేయించు, యూపీఎస్ పెట్టించు, డబ్బు పందెం ఆటలను గడప తొక్కనివ్వకు.

అక్క గొలుసు తాకట్టు పెడతానన్నావట. ఆ మాట మళ్ళీ నా చెవిన పడితే బస్సెక్కి వచ్చి నీ చెవి మెలిపెడతాను. తక్కువ పడితే నన్ను అడుగు నాయనా, నాకు వడ్డీ వద్దు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి అమ్మను తీసుకొని రా, గది అద్దె కాగితం కూడా తీసుకొని రా. నేను చదివేదాకా సంతకం చేయకు.