మెడికల్ షాపు క్రీముతో తగ్గిన మొటిమలు మళ్ళీ రెట్టింపయ్యాయి, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 23 ఏళ్ళు. మాది హిందూపురం దగ్గర పల్లె, ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నా, రోజూ బైక్ మీద వైట్‌ఫీల్డ్ వెళ్ళొస్తా. ఇక్కడికొచ్చాక బుగ్గల మీద, గడ్డం కింద మొటిమలు బాగా ఎక్కువయ్యాయి. అమ్మ చెప్పిందని పసుపు, శెనగపిండి పట్టించా. రీల్స్ చూసి నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్ కూడా రాశా. ఆన్‌లైన్‌లో సీరమ్‌లు కొన్నా. చివరికి మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారు, వారంలో మొహం క్లీన్ అయిపోయింది, ఆపగానే ముందుకన్నా రెట్టింపు వచ్చాయి, మళ్ళీ రాస్తే తగ్గుతాయి, మూడు నెలలుగా ఇదే నడుస్తోంది. ఇప్పుడు ఎండలోకి వెళ్తే మొహం మండుతోంది. ఇదంతా ఇక్కడి బోరు నీళ్ళ వల్లేనా? జిమ్‌కి వెళ్తూ ప్రోటీన్ పౌడర్ తాగుతున్నా, మానేయాలా? గడ్డం గీసుకోవచ్చా?

జవాబు: బాబూ, మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ భయం వేసింది నిమ్మరసం గురించో టూత్‌పేస్ట్ గురించో కాదు, ఆ మెడికల్ షాపు క్రీము గురించి. రాస్తే తగ్గడం, ఆపితే రెట్టింపు రావడం, ఎండలో మంట, ఈ మూడూ కలిసి వచ్చాయంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ముందు ఆ ట్యూబ్ తీసి వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లుసినోలోన్, వీటిలో ఏ ఒక్క పేరున్నా అది స్టెరాయిడే. మన దగ్గర మొమెటసోన్‌తో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కలిపిన ట్యూబులు దొరుకుతాయి, అవి మంగు మచ్చలకి డాక్టర్ కొన్ని వారాలు మాత్రమే వాడించేవి, మొటిమలకి కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా కౌంటర్ దగ్గర అడిగితే ఇచ్చేస్తున్నారు, మీలాంటి పిల్లలు ఎంతమంది మొహాలు పాడుచేసుకుని వస్తున్నారో చూస్తుంటే చాలా బాధేస్తుంది.

అసలు ఇది ఎలా పనిచేస్తుందంటే, మొటిమ ఎర్రగా వాచి నొప్పి పుట్టడం అనేది ఒంట్లో జరిగే ఇన్‌ఫ్లమేషన్, స్టెరాయిడ్ దాన్ని అణిచేస్తుంది కాబట్టి మూడు నాలుగు రోజుల్లో మొహం నున్నగా కనిపిస్తుంది. కానీ లోపల రంధ్రం మూసుకుపోయే ఉంటుంది, జిడ్డు ఊరుతూనే ఉంటుంది, క్యూటిబాక్టీరియం అనే సూక్ష్మజీవి అక్కడే ఉంటుంది. పైగా చర్మం పల్చబడిపోతుంది, సన్నని ఎర్ర రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొహం మీద వెంట్రుకలు పెరుగుతాయి, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు కూడా వస్తాయి. ఆపగానే అణిచిపెట్టిందంతా ఒక్కసారి పైకి లేస్తుంది, మనిషి భయపడి మళ్ళీ రాస్తాడు. మీరు ఇప్పుడు ఆ చక్రంలో ఉన్నారు.

కాబట్టి అది మానాల్సిందే, కానీ మూడు నెలలు వాడారు కాబట్టి మీ అంతట మీరే ఒక్కసారిగా ఆపేసి ఊరుకోకుండా ఈ వారంలోనే చర్మం డాక్టర్‌కి ట్యూబ్ చూపించండి, మెల్లగా తగ్గిస్తూ మానాలా, వెంటనే ఆపి మంటకి వేరే మందు వేసుకోవాలా అన్నది వాళ్ళు మొహం చూసి చెప్తారు. ఆపాక కొన్ని వారాలు ఎరుపు, మంట, మొటిమలు ఎక్కువే ఉంటాయి, అది ముందే తెలిసుంటే మళ్ళీ ట్యూబ్ జోలికి వెళ్ళరు. ప్రైవేటు క్లినిక్ ఫీజులు భారం అనుకుంటే శివాజీనగర్‌లో బౌరింగ్ ఆస్పత్రి, కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా ఆస్పత్రి ఉన్నాయి, రెండూ ప్రభుత్వానివే, చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళండి.

ఇక ఇంటి చిట్కాలు. పులుపు ఎంత, క్షారం ఎంత అని చెప్పే కొలత పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, మన చర్మానిది సుమారు 5, వంటసోడాది 8 పైన, అంటే మీరు ఒకసారి అటు ఒకసారి ఇటు చర్మాన్ని గుంజారన్నమాట. పైగా నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు లేచి నల్ల మచ్చలు పడతాయి, మన రంగు చర్మం మీద ఆ మచ్చలు నెలల తరబడి పోవు. టూత్‌పేస్ట్ రాస్తే మొటిమ ఎండినట్టు అనిపిస్తుంది, నిజానికి అది పుదీనా ఘాటుకి, నురగ కోసం వేసే డిటర్జెంట్‌కి చర్మం కాలడమే. ఈ మూడూ ఈ రోజు నుంచే బంద్.

అమ్మ చెప్పిన పసుపు, శెనగపిండిని మాత్రం నేను అలా కొట్టిపారేయను. శెనగపిండితో మొహం కడుక్కుంటే జిడ్డు పోతుంది, అంతవరకు నిజం, ఆవిడ కాలంలో సబ్బు బదులు అదే కదా. కాకపోతే ఎండాక గట్టిగా రుద్ది తీస్తారు చూడండి, అక్కడే మొటిమ చితికి పుండై మచ్చ మిగులుతుంది. పసుపు కొందరికి పడక దద్దుర్లు వస్తాయి. ఇప్పుడు మీ చర్మం రేగిపోయి ఉంది కాబట్టి ఏ పిండీ ఏ పూతా వద్దు, అమ్మకి ఫోన్ చేసి కొన్నాళ్ళు ఆపమన్నారని చెప్పండి, పూర్తిగా తగ్గాక వారానికోసారి ముల్తానీ మట్టి పల్చగా వేసుకుని తడిగా ఉండగానే కడిగేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. కొబ్బరి నూనె మొహానికి రాయకండి, రంధ్రాలు మూసేస్తుంది, తలకి పెట్టుకున్నా నుదుటి మీదకి కారనివ్వద్దు.

సీరమ్‌ల పేర్లు రాయలేదు మీరు, కానీ ఈ వయసు వాళ్ళు ఏం కొంటారో నాకు తెలుసు, నియాసినమైడ్ 10 శాతం, విటమిన్ సి, శాలిసిలిక్ ఆసిడ్ 2 శాతం, ఇంకా ఆ 30 శాతం ఆసిడ్ ఉన్న ఎర్ర రంగు పీలింగ్ సీసా. ఒక్కొక్కటి విడిగా చెడ్డవేం కాదు, అన్నీ ఒకే మొహం మీద ఒకే వారంలో పోస్తేనే ప్రమాదం, పొలంలో ఒకేసారి నాలుగు మందులు కలిపి కొడితే పురుగు కన్నా ముందు పైరు మాడిపోయినట్టు. అన్నీ డబ్బాలో పెట్టి మూత పెట్టేయండి. డాక్టర్‌ని చూసేదాకా, ఆ తర్వాత కూడా ఓ రెండు మూడు వారాలు మీకు కావాల్సింది మూడే, సువాసన లేని మైల్డ్ ఫేస్‌వాష్ రోజుకు రెండుసార్లు, జెల్‌లాగా ఉండే మాయిశ్చరైజర్, పగలు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్. మూడింటి మీదా నాన్ కొమెడోజెనిక్, అంటే రంధ్రాలు మూయనిది అని ఉందో లేదో చూసుకోండి, ఖరీదైనవి అక్కర్లేదు.

మంట పూర్తిగా తగ్గాకే అసలు మొటిమల మందు మొదలవుతుంది. కొనుక్కునే వాటిలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది బెంజాయిల్ పెరాక్సైడ్. 2.5 శాతం చాలు, 10 శాతంది కూడా అంతే పనిచేస్తుంది, మంట మాత్రం ఎక్కువ పెడుతుంది. మొదట్లో రోజు మార్చి రోజు రాత్రిపూట పల్చగా, మొటిమ ఒక్కదాని మీదే కాకుండా అవి వచ్చే చోటంతా రాయాలి. తెల్ల దిండు గలీబు వేసుకోండి, రంగు బట్టలకి తగిలితే రంగు పోతుంది. తెల్ల మొటిమలు, బ్లాక్‌హెడ్స్ ఎక్కువుంటే అడపలీన్ 0.1 శాతం జెల్ బాగా పనిచేస్తుంది, అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు, కానీ మీరు స్టెరాయిడ్ వాడిన మొహంతో ఉన్నారు కాబట్టి సొంతంగా మొదలుపెట్టకండి, డాక్టర్ ఎప్పుడంటే అప్పుడు, మొహం మొత్తానికి శెనగగింజంత. మొదటి నెలలో కొంచెం ఎక్కువైనట్టు అనిపించొచ్చు. ఏ మందైనా పనిచేసిందో లేదో చెప్పాలంటే 8 నుంచి 12 వారాలు కావాలి, పది రోజులకోసారి మందు మారిస్తే ఏదీ పనిచేయదు. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే రాసుకుంటూ పోవద్దు, బ్యాక్టీరియా మందుకి అలవాటు పడిపోతుంది. లోతుగా గడ్డల్లాగా వస్తున్నా, గుంటలు పడుతున్నా ఇన్నాళ్ళు ఆగకండి, దానికి మాత్రలు అవసరం పడతాయి, గుంట పడ్డాక పూడ్చడం చాలా కష్టం.

నీళ్ళ సంగతి. బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు గట్టివైతే సబ్బు సరిగా పోక చర్మం పొడిబారుతుంది, మొటిమలకి అదే కారణం అని మాత్రం నేను చెప్పలేను. మీ విషయంలో నాకు హెల్మెట్ మీద అనుమానం ఉంది. బుగ్గలు, గడ్డం కింద, సరిగ్గా హెల్మెట్ ప్యాడ్ నొక్కే చోట, స్ట్రాప్ రాసుకునే చోటే వస్తున్నాయంటున్నారు, ఆ ట్రాఫిక్‌లో గంటసేపు చెమటతో అది ఒరుసుకుంటుంటే మొటిమలు పెరుగుతాయి. హెల్మెట్ మానమని కాదు, అది తలకి ఉండాల్సిందే. లోపలి గుడ్డ ఊడొచ్చే రకమైతే వారానికోసారి ఉతకండి, స్ట్రాప్ తుడవండి, ఆఫీసు చేరగానే మొహం నీళ్ళతో కడుక్కోండి.

ప్రోటీన్ పౌడర్ అంటే పాల నుంచి తీసే వే ప్రోటీనే అయ్యుంటుంది, అది తాగేవాళ్ళలో కొందరికి మొటిమలు ఎక్కువవడం చూస్తూనే ఉన్నాం, ఓ రెండు మూడు నెలలు ఆపి చూడండి, గుడ్లు, పప్పు, చికెన్ తినండి. తీపి కూల్‌డ్రింక్స్, బేకరీ తిండి కూడా తగ్గించండి. జిమ్‌లో ఎవరైనా మాత్రలు, ఇంజెక్షన్లు ఇస్తుంటే మాత్రం డాక్టర్ దగ్గర దాచకండి, కండల కోసం వేసే అనబాలిక్ స్టెరాయిడ్స్ వల్ల వచ్చే మొటిమలు చాలా మొండివి, ఒంటికి ఇంకా పెద్ద నష్టాలు కూడా ఉన్నాయి.

గడ్డం గీసుకోవచ్చు. మంట ఉన్నన్నాళ్ళు ట్రిమ్మర్ వాడండి, తర్వాత బ్లేడైతే గోరువెచ్చని నీళ్ళతో తడిపి, వెంట్రుక వాలిన వైపే, ఒకే చోట మళ్ళీ మళ్ళీ లాగకుండా గీయండి. షాపులో చేయించుకుంటే కొత్త బ్లేడ్ వేయమనండి, పటిక, ఆఫ్టర్‌షేవ్ వద్దని ముందే చెప్పండి, ఇంటికొచ్చి మాయిశ్చరైజర్ రాసుకోండి.